బోర్లించిన గిన్నె

మా వీధి చివర ఆసుపత్రి గోడకు ఆనుకుని ఒక గది ఉంది. రోగుల వెంట వచ్చి, చోటు లేక మెట్ల మీద పడుకునేవాళ్ల కోసం వీధివాళ్లందరం కలిసి కట్టాం. గోడలు మేస్త్రీవి. తలుపూ మంచమూ నావి. తాళంచెవి టైలరు దగ్గర ఉంటుంది. వచ్చినవాళ్లను ఎవరు, ఏమిటి అని అడక్కూడదనేది మొదటిరోజు అనుకున్న మాట.

మధ్యాహ్నం భోజనానికీ ఒక పద్ధతి ఉంది. కిటికీ గట్టు మీద స్టీలు గిన్నె ఉంటుంది. ఎవరు భోజనం తెచ్చినా దాన్ని బోర్లించి వెళ్లాలి. తర్వాత వచ్చినవాళ్లు అది చూసి వెనక్కి తిరుగుతారు. పొద్దున్నే టైలరు దాన్ని మళ్లీ వెల్లకిలా పెడతాడు.

మొదట్లో పదకొండు కాకముందే గిన్నె బోర్లా పడేది. క్యారియర్‌తో వెనక్కి తిరిగినవాళ్లను టైలరు మిషను దగ్గర్నుంచే ఏడిపించేవాడు. నన్నయితే, "ఏం బావా, మీ ఆవిడ వంటని గదిలో చుట్టాలు కూడా వద్దన్నారా?" అని వీధంతా వినబడేలా అడిగేవాడు.

ఆ తర్వాత కూడా నేనెప్పుడు చూసినా గిన్నె బోర్లానే ఉండేది. మా వీధి మంచిదనుకుని ఇంటికెళ్లి తినేవాణ్ణి.

మొన్నామధ్య టైలరు జారిపడి కాలు విరగ్గొట్టుకున్నాడు. అప్పటికి గదిలో ఒక పెద్దాయన ఉన్నాడు. కూతురు ఆసుపత్రిలో ఉంది. నాలుగోరోజు మేస్త్రీ భార్య ఊడుద్దామని వెళ్లేసరికి ఆయన ఎండిన బ్రెడ్డు ముక్క కుళాయి నీళ్లలో తడుపుకుని తింటున్నాడు. మూడురోజులుగా అదేనట. అడగొచ్చు కదా అంటే, పడుకోను చోటిచ్చినవాళ్లను ఇంకేం అడుగుతామన్నాడట. గట్టు మీద గిన్నె మాత్రం బోర్లానే ఉంది. ఎత్తితే కింద గుండ్రంగా శుభ్రం, చుట్టూ దుమ్ము.

మేస్త్రీ, ఆయన భార్య, నేను టైలరు మంచం దగ్గరికి వెళ్లాం. అతను గోడవైపు తిరిగి చెప్పాడు. రెండేళ్లుగా వండిందీ, పెట్టిందీ, గిన్నె బోర్లించిందీ తనేనట. ఆ రోజు కూడా బోర్లించి వస్తూనే జారాడట.

"ఒకరోజు చీకటి పడేదాకా గిన్నె వెల్లకిలానే ఉండిపోయింది బావా. చూళ్లేకపోయాను. బోర్లించి ఉంటే మీకు మళ్లీ పోటీ పుడుతుందనుకున్నా."

పడ్డాక కబురెందుకు చేయలేదని అడిగాను. చేస్తే రెండేళ్లదీ చెప్పాల్సి వస్తుందన్నాడు.

గిన్నె చూసే కదా మేం వెనక్కి పోయాం అని మేస్త్రీ మొదలుపెట్టాడు. భార్య అతని మోచెయ్యి పట్టుకుంది.

"క్యారియర్ పట్టుకుని మనం గడప దాటి ఎన్నాళ్లయింది? నేను మేడ మీంచే చూసేదాన్ని అన్నయ్యా. బోర్లా కనబడితే హమ్మయ్య అనిపించేది," అంది టైలరుతో.

నాకూ అంతే.

మర్నాడు గిన్నె వెల్లకిలా పెట్టి ఇంటింటికీ వెళ్లి చెప్పాం. అందరూ అయ్యో అన్నారు. పన్నెండయింది, ఒంటిగంటయింది. గిన్నె కదల్లేదు. నేనే తీసుకెళ్లాను. రెండోరోజూ నేనే. మూడోరోజు వెళ్లేసరికి గది ఊడ్చి ఉంది, దుప్పటి మడతపెట్టి ఉంది. పెద్దాయన లేడు. కూతురేమైందో చెప్పేవాళ్లూ లేరు.

తిరిగి వస్తుంటే టైలరు తన ఇంటి కిటికీలోంచి పిలిచాడు. ఇవాళ ఎవరు తెచ్చారని అడిగాడు.

"మేస్త్రీ వాళ్లు. నేను వెళ్లేసరికే బోర్లా ఉంది."

అతను నా చేతిలో నిండు క్యారియర్ వంక చూశాడు.

"అయితే మీ ఆవిడ వంట మళ్లీ వెనక్కేనన్నమాట," అన్నాడు. చాలా రోజులకు నవ్వాడు.

అతను కర్ర పట్టుకుని ఎప్పుడైనా అటు రావచ్చు. వెనక్కి వెళ్లి గిన్నె బోర్లించి వచ్చాను.