అన్న నడక

బూట్లు బాగుచేసే ఆయన కొట్లోనే, ఓ మూల, కూతురు చదువుకునే బల్ల. ఆ సాయంత్రం ఇంగ్లీషు పంతులమ్మ ‘వాక్’ అనే మాటకు దగ్గరి మాటలు నాలుగిచ్చి తేడాలు రాసుకురమ్మంది. డిక్షనరీ నిండా నడవడమనే ఉందని పిల్ల విసుక్కుంది.

తండ్రికి ఇంగ్లీషు రాదు గానీ నడకలు కొట్టిన పిండి. కూతురు వివరం చదువుతుంటే ఆయన బాగుకొచ్చిన జతలు ఒక్కొక్కటే తీసి చూపించాడు. స్ట్రోల్ అంటే తీరుబడి షికారు. అడుగంతా సమంగా అరిగిన ఈ జత పింఛను తాతది. స్ట్రైడ్ అంటే పెద్ద పెద్ద అంగలు. మడమలు చితికిన ఇవి పోస్టుమాన్‌వి. ట్రడ్జ్ అంటే అలసి కాళ్లీడ్చడం. ఇవి నర్సమ్మవి, చెప్పక్కర్లేదు.

‘‘లింప్ అంటే కుంటడం నాన్నా.’’

ఆయన పొద్దున తను లేనప్పుడు ఎవరో వదిలెళ్లిన జత అందుకున్నాడు. ఎడమ మడమ బయటివైపుకి ఏటవాలుగా అరిగింది. కుడి బూటు మొన నేలకు గీసుకుపోయింది. చిన్నప్పుడు మెట్ల మీంచి పడి కాలు విరిగిన అన్న నడక అచ్చం ఇదే. పదకొండేళ్ల కిందట ఈయనతో మాటా మాటా పెరిగి, ఈ గుమ్మమే దిగి వెళ్లిపోయాడు. అప్పట్నుంచీ ఎవరి కాలు ఈడ్చిన చప్పుడు విన్నా ఆయన తల దానంతటదే లేస్తుంది.

‘‘ఇది మీ పెదనాన్న నడకమ్మా,’’ అన్నాడు మెల్లిగా.

మర్నాడు జత కోసం వచ్చింది ఓ హోటలు సర్వరు. పాత బట్టల సంతలో కొన్నాడట. ఆయన కొట్టు మూసి సంతకు పరుగెత్తాడు. గోనె సంచుల్లో వచ్చిపడేవాటిని ఎవరివని చెప్పేదని దుకాణదారు చేతులెత్తేశాడు.

తిరిగొచ్చేసరికి సర్వరు గుమ్మంలోనే ఉన్నాడు. మడమలు పక్కకి లాగేస్తున్నాయి, సమం చేయమన్నాడు. ఆయన వేరే జత ఊరికే ఇస్తానన్నా, ఇవే పాదాలకు కుదిరాయని ఒప్పుకోలేదు. చేసేదిలేక ఆయన కత్తి పట్టుకున్నాడు. అన్న నడకని తన చేత్తోనే కోసి తీసి, కొత్త మడమ బిగించాడు. సర్వరు తిన్నగా నడుచుకుంటూ వీధి మలుపు తిరిగాడు.

కోసిన ముక్క పారేయడానికి ఆయనకు చేయి రాలేదు.

బడి నుంచి వచ్చిన కూతురు, పెదనాన్న ఎక్కడున్నాడో తెలిసిందా అని అడిగింది.

‘‘తెలీలేదమ్మా,’’ అని ఆయన ఆ ముక్క చూపించాడు. ‘‘కానీ ఇది ఇంత అరిగేదాకా నడిచాడు. ఎటో మరి.’’