నాలుగు నిమిషాల ఫోటో

"పోలీసులు బయల్దేరేరు. గిన్నె ఎక్కడ దాచేవో ఇప్పుడే చెప్పెయ్, అబ్రహామూ!"

సంఘపెద్ద రాజ్ కుమార్ అరుపుకి చర్చిలో గుసగుసలు ఆగిపోయాయి. రాజోలు దగ్గర దొరల కాలంలో కట్టిన చర్చి అది. ప్రభురాత్రి భోజనానికి వాడే వెండి గిన్నె పొద్దున్న తొమ్మిది తర్వాత మాయమైంది. ముప్పై ఏళ్లుగా తాళాలు అబ్రహాము దగ్గరే ఉన్నాయి.

"నేను తియ్యలేదండీ. తలుపులు తీసి, మెట్ల మీద ప్రార్థనలో ఉన్నానండీ."

"ఫోటో ఉందయ్యా! తొమ్మిదింపావుకి తీసింది. వాకిట్లో ఉన్నది నువ్వొక్కడివే. నేను అప్పటికి అమలాపురంలో ఉన్నా."

ఆ ఫోటో తీసింది శారోన్. పాత కట్టడాలను నలుపు తెలుపుల్లో తీయడం ఆమె పని. తన ఫోటోయే ముసలాయన్ని జైలుకి పంపేలా ఉంది.

"అయ్యగారూ, ఒక్క మాటండీ," అంది పాస్టరుగారితో. "కెమెరా కన్ను నాలుగు నిమిషాల పాటు తెరిచే ఉంచి దీన్ని తీసేనండీ. కదిలేవాళ్లు ఇందులో పడరు. ఆ నాలుగు నిమిషాల్లోనే రోడ్డు మీద కొబ్బరికాయల లారీ వెళ్లింది. కనపడుతోందా?"

పాస్టరుగారు కళ్లజోడు సర్దుకుని చూసేరు. ఫోటోలో రోడ్డు తుడిచినట్టు ఖాళీగా ఉంది.

"మరి అబ్రహాము పడ్డాడే?"

"కదల్లేదు కాబట్టండీ. కళ్లు మూసుకుని అలాగే ఉన్నారు. పక్కనుంచి ఎవరెళ్లినా ఆయనకి తెలీదు."

రాజ్ కుమార్ నవ్వేడు. "దొంగ పడని ఫోటోతో దొంగని పట్టేస్తావా, పాపా?"

శారోన్ కెమెరా తెర మీద బొమ్మని పెద్దది చేసింది. అబ్రహాము పక్కన రెండు జతల చెప్పులున్నాయి. ఒకటి అతని అరిగిన జత. రెండోదానికి నల్ల పట్టీ, దాని మీద తెల్ల దారం కుట్టు.

"మనిషి పడలేదండీ. చెప్పులు పడ్డాయి. విప్పకుండా లోపలికెళ్లే అలవాటు మనలో ఎవరికీ లేదు కదండీ."

"ఆయ్, నిజమేనండీ!" అన్నారెవరో వెనక నుంచి.

పాస్టరుగారు అందర్నీ బయటికి పిలిచి, ఎవరి చెప్పులు వాళ్లని వేసుకోమన్నారు. మెట్ల మీద ఒక్క జత మిగిలింది. నల్ల పట్టీ, తెల్ల దారం. రాజ్ కుమార్ ఒక్కడే ఉత్తికాళ్లతో ఉన్నాడు.

"నేను చెప్పుల్లేకుండా వచ్చేను," అన్నాడు.

అబ్రహాము వంగి ఆ చెప్పు చేతిలోకి తీసుకున్నాడు. దారం మీద బొటనవేలితో నిమిరేడు.

"పోయిన ఆదివారం ఇది తెగిపోతే నేనే కుట్టేనండీ."

"ఎవరికి?" అనడిగేరు పాస్టరుగారు.

అబ్రహాము చెప్పుని మెల్లగా మెట్టు మీద పెట్టేడు. రోడ్డు మీద పోలీసు జీపు ఆగింది.

"చెప్పు, అబ్రహామూ," అన్నారు పాస్టరుగారు.

"రాజ్ కుమార్ గారికండీ. గిన్నె తీసింది రాజ్ కుమార్ గారేనండీ."