మైకులో పిలిచిన వరస

బసవపున్నయ్యకు చర్చి మైకంటే ఒళ్లు మంట. సింగ్‌నగర్‌లో ఆయన మేడకు ఎదురుగానే చర్చి. ఆదివారం తెల్లారితే చాలు, పాస్టరు ఆరోన్ గొంతు చెవుల్లో హోరెత్తేది. "శత్రువుని ప్రేమించాలంట! మైకు పట్టుకుని ఎవడైనా చెబుతాడు. చేసి చూపించమను," అని భార్య కనకలక్ష్మి మీద ఎగిరేవాడు. చివరికి పోలీసులకు ఫిర్యాదు చేసి, ఆ మైకు దింపించేదాకా నిద్రపోలేదు మహానుభావుడు. ఆ తర్వాత కూడా ఆరోన్ ఎదురుపడితే "వందనాలండీ" అనేవాడు. ఈయన మొహం తిప్పుకునేవాడు.

మైకు చర్చి మేడగదిలో మూలన పడింది. ఆ వానాకాలమే బుడమేరు వాగు పొంగింది.

కింది వాటాలన్నీ మునిగాయి. మొగుడూ పెళ్లాం డాబా ఎక్కారు. ఆ కంగారులో కనకలక్ష్మి ఆయాసం మందు కిందే ఉండిపోయి నీళ్లపాలైంది. మధ్యాహ్నానికి ఆవిడకి ఊపిరి అందడం లేదు, పెదాలు నల్లబడుతున్నాయి. పడవలేమో వీధిలోకి రాకుండా మెయిన్‌రోడ్డు మీదనుంచే పోతున్నాయి. బసవపున్నయ్య తువ్వాలు ఊపాడు, గొంతు చించుకున్నాడు. ఒక్కరైనా ఇటు తిరిగితేనా! ఎదురుగా చర్చి డాబా మీద ఆరోన్, అతని ముసలి తల్లి ఇదంతా చూస్తూనే ఉన్నారు. సాయం చెయ్యమని కేక వేద్దామంటే బసవపున్నయ్యకు నోరు రాలేదు. ఏ మొహం పెట్టుకుని అడుగుతాడు?

ఆరోన్ మేడగదిలోకి వెళ్లి మైకూ బ్యాటరీ మోసుకొచ్చాడు.

"మా అన్నయ్యగారి డాబా మీద వదినగారికి ఊపిరాడట్లేదండీ! పడవ ఇటు తిప్పండి బాబూ! చర్చి ఎదురు పచ్చమేడ!"

బసవపున్నయ్య ఉలిక్కిపడ్డాడు. అన్నయ్యగారట! ఎవరికి అన్నయ్య? ఆ గొంతు మాత్రం ఆగలేదు. బొంగురుపోయినా ఆగలేదు.

చివరికో పడవ వీధిలోకి తిరిగింది. గొంతు వినబడిన వైపే, చర్చి దగ్గరికే పోయింది. అందులో ఇద్దరికే చోటుంది. ఆరోన్ తల్లి ఎక్కడానికి లేచింది కూడా. "మాకు తర్వాత. ముందు వాళ్లని తీసుకెళ్లండి," అంటూ ఆరోన్ ఇటు చెయ్యి చూపించాడు. ఆ ముసలమ్మ మళ్లీ కూర్చుంది.

కొండ మీద అమ్మవారి ముందు నిలబడినట్టు బసవపున్నయ్య చేతులు వాటంతటవే లేచాయి. చేసి చూపించమన్నాడుగా ఇన్నేళ్లూ! చూశాడు.

మొగుడూ పెళ్లాం ఎక్కగానే పడవ కదిలింది. "రోడ్డు మీద అంబులెన్సు ఉందండీ, భయం లేదు," అన్నాడు పడవ నడిపేవాడు. వెనక్కి చూస్తూ, "ఆ పాస్టరుగారు మీ సొంత తమ్ముడాండీ?" అని అడిగాడు.

కనకలక్ష్మి రొప్పుతూనే మొగుడి మొహంలోకి చూసింది.

"అవును, మా తమ్ముడే," అన్నాడు బసవపున్నయ్య. "మమ్మల్ని దింపి వెంటనే వెనక్కెళ్లండి బాబూ. అమ్మ ఇంకా అక్కడే ఉంది."