యాభయ్యో పేరు

రాజీనామా అంటే ఏముంది, ఓ కాగితం రాసి బల్ల మీద పడేసి చేతులు దులుపుకుని వచ్చెయ్యడమే అనుకుంటారు జనం. ఉద్యోగాలకైతే అంతే. తొమ్మిదేళ్ళుగా ఫోనులో ఓ కోటని ఏలుతున్న మనిషి దిగిపోవాలంటే ఎంత తతంగమో చేసి చూస్తే గానీ తెలియదు. సూదక్క చేసి చూసింది. చూశాక, ఎక్కడం కంటే దిగడమే కష్టంరా నాయనా అనుకుంది.

సూదక్క రక్తపరీక్షల లాబ్‌లో పనిచేస్తుంది. పొద్దున్న ఆరింటికల్లా తెల్లకోటు తొడుక్కుని కూర్చుంటుంది. పరగడుపున వచ్చినవాళ్ళ చేతికి రబ్బరు పట్టీ బిగించి, నరం వెతికి, సూది గుచ్చి, చిన్న చిన్న గొట్టాలు నింపి, వాటిమీద పేర్ల చీటీలు అంటించడం ఆవిడ పని. పసిపిల్లల చేతిలోనైనా ఒక్క పోటుకే నరం దొరకబుచ్చుకుంటుందని పేరు. అందుకే ఆటలో చేరిన రోజున సూదక్క అని పెట్టుకుంది. ఇప్పుడు మొగుడు కూడా అలాగే పిలుస్తాడు, పరాచికానికి.

ఆట సంగతి రెండు ముక్కల్లో చెప్పేస్తాను, భయపడకండి. యాభై మంది కలిస్తే ఒక కోట. యాభై ఒకటోవాడికి చోటు లేదు. ప్రతి ఆదివారం సాయంత్రం ఆరున్నరకి ఇంకో కోటతో యుద్ధం, నలభై నిమిషాలు. కోటకి ఒక పెద్ద. జెండా ఆ పెద్ద చేతిలో ఉంటుంది. ఆటలో ఉండగా ఫోను మోగి, దాన్ని ఎత్తామా, ఆట మనల్ని బయటికి తోసేస్తుంది. పెద్దే బయటపడితే జెండా నేలకొరిగినట్టే, యుద్ధం పోయినట్టే. అంతే ఆట. దీనికోసం యాభై మంది పెద్దవాళ్ళు కొట్టుకు చస్తారా అంటారేమో. చస్తారు. చావరని ఎవరన్నారు?

ఆ యాభై మంది తగువులూ తీర్చేది సూదక్కే. ఆటలో నేను కూడబెట్టిన కట్టెలు వాడు దొంగిలించాడని ఒకడు. నాకు గుడ్‌మార్నింగ్ పెట్టలేదని ఒకావిడ. లారీ నడిపే బాబాయి ఒకాయన ఉన్నాడు, ఆయన అలిగితే ఏడు నిమిషాల వాయిస్ మెసేజి పంపుతాడు, మధ్యలో హారన్ మోతతో సహా. అన్నీ వినాలి, అందరికీ సర్దిచెప్పాలి. చెవిలో జోరీగలా రోజంతా టింగు టింగుమంటూనే ఉంటుంది ఫోను. మొదట్లో అదో సరదా. తరవాత అలవాటు. ఈ రెండేళ్ళుగా ఒట్టి బరువు. బొటనవేలు కీలు దగ్గర ముల్లు గుచ్చినట్టు నొప్పి, రాత్రి నూనె రాసుకుని పడుకోవడం, పొద్దున్నే మళ్ళీ అదే వేలితో సూది పట్టుకోవడం.

ఓ బుధవారం నాడు ఒక ముసలాయన రక్తం తీసి, ఆ గొట్టం మీద పక్క కుర్చీ పిల్ల పేరు చీటీ అంటించబోయింది. చీటీ అంచు ఇంకా అంటుకోలేదు, చూసుకుంది. ఎందుకలా అయిందంటే, అప్పుడే జేబులో ఫోను అదిరింది, ఆవిడ మనసు కట్టెల దొంగ దగ్గరికి పోయింది. చీటీ చించేసి, ముసలాయనకి నవ్వు మొహం చూపించి, లోపలికెళ్ళి సింకు పట్టుకుని నిలబడిపోయింది. చాలు బాబూ, ఇక చాలు అనుకుంది.

ఆ సాయంత్రమే గ్రూపులో రాసింది: "వచ్చే ఆదివారం నా ఆఖరి యుద్ధం. ఆ తరవాత లెక్కల మాస్టారు పెద్దగా ఉంటారు."

ఎవడూ నమ్మలేదు! "అక్కకి ఇవాళ తలనొప్పి" అన్నాడొకడు. "కిందటేడు కూడా ఇలాగే అన్నావుగా" అంది ఇంకో ఆవిడ. నిజమే, ఇదివరకు రెండుసార్లు అలిగి దిగుతానంది, దిగలేదు. నాన్నా పులి అని అరిచినట్టయింది సూదక్క బతుకు. మూడోనాటికి గానీ వాళ్ళకి ఎక్కలేదు. అప్పుడు మొదలయ్యాయి దండాలు, ఏడుపులు. లారీ బాబాయి పదకొండు నిమిషాలు పంపాడు.

"నీకు పెన్షనూ లేదు, సన్మానమూ లేదు," అన్నాడు మొగుడు. లిఫ్టులు బాగుచేసే మనిషి, చేతులకి గ్రీజు పోదు. "నే చెయ్యనా సన్మానం? పాత తువ్వాలు కప్పుతాను."

"కప్పండి. తువ్వాలు కాదు, దుప్పటి కప్పండి. రెండు రోజులు లేవను," అంది సూదక్క.

లెక్కల మాస్టారు బళ్ళో పాఠాలు చెప్పే మనిషి. మంచివాడే, కానీ రూలు అంటే ప్రాణం. పగ్గాలు చేతికి రాకముందే పేర్ల పట్టీ ముందేసుకుని కూర్చున్నాడు. ఆ కోటలో ఒక రూలుంది, రాసిందీ సూదక్కే: ముప్ఫై రోజులు మొహం చూపించనివాడి పేరు తీసెయ్యాలి. తొమ్మిదేళ్ళలో ఆ రూలుతో రెండొందల మందిని పంపేసింది. ఒక్క పేరు జోలికి మాత్రం పోలేదు. పట్టీలో అట్టడుగున, యాభయ్యో పేరు. "తోక". చివరిసారి లోపలికొచ్చి మూడేళ్ళ రెండు నెలలు.

తోక అంటే సూదక్క చెల్లెలు. చిన్నప్పుడు అక్క ఎక్కడికెళితే అక్కడికి వెనకే వెళ్ళేదని అమ్మ పెట్టిన పేరు. ఆటలోకి కూడా అలాగే వెనకే వచ్చింది. కోట కట్టినప్పుడు ఉన్నది వాళ్ళిద్దరే. మిగతా నలభై ఎనిమిది మందీ తరవాత చేరినవాళ్ళు.

మూడేళ్ళ కిందట ఒక ఆదివారం, యుద్ధం మంచి రసపట్టులో ఉండగా చెల్లెలు ఫోను చేసింది. సూదక్క కట్ చేసింది. మళ్ళీ చేసింది, మళ్ళీ కట్. మూడోసారీ అంతే. యుద్ధం గెలిచారు. గెలిచిన ఊపులో, చెల్లెలు అసలు ఆటకే రాలేదని చూసుకుని, అంతమంది చూస్తుండగా గ్రూపులో రాసింది: "వేళకి రానివాళ్ళూ, మధ్యలో ఫోన్లు చేసి చంపేవాళ్ళూ మనకొద్దు. తోకైనా సరే."

చెల్లెలు ఆ ముక్క చదివింది అంబులెన్సులో కూర్చుని. అమ్మ స్నానాలగదిలో జారిపడి తొడ ఎముక విరిగింది. ఇంట్లో ఇంకెవరూ లేరు. కబురు తెలిసి సూదక్క పరిగెత్తుకుంటూ ఆసుపత్రికి వెళ్ళేసరికి చెల్లెలు వరండాలో బల్ల మీద కూర్చుని ఉంది, అమ్మ చెప్పులు ఒళ్ళో పెట్టుకుని. తలెత్తి ఒక్కటే అడిగింది.

"ఆట అయిపోయిందా?"

అంతే, ఆ తరవాత అక్కాచెల్లెళ్ళ మధ్య మాటల్లేవు. అమ్మ కోలుకుంది, చేతికర్ర పట్టుకుని నడుస్తోంది, చిన్నకూతురి దగ్గరే ఉంటోంది. మాటలు అటూ ఇటూ మోసేదీ అమ్మే. "అక్కకి చెప్పు మందులు అయిపోయాయని." "చెల్లికి చెప్పమ్మా రేపు తెస్తానని." సూదక్క మందులు పట్టుకెళితే చెల్లెలు లోపలి గదిలోకి పోతుంది. తప్పు నాదే అనడానికి రెండే మాటలు కావాలి. మూడేళ్ళయినా సూదక్క నోరు పెగల్లేదు. యాభై మంది గొడవలు తీర్చే పెద్దమనిషికి ఇంట్లో ఒక్క గొడవ తీరలేదు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు, ఈవిడ తిరగేసి చేసింది.

నోటితో అనలేని మాటకి బదులుగా ఆ పేరుని ఉంచింది. ఎంతమంది సణిగినా ఉంచింది. ఎప్పుడైనా వెనక్కి వస్తే చోటుండాలి కదా అని. చెల్లెలు ఆ ఆటని ఎప్పుడో ఫోనులోంచి పీకి పారేసి ఉంటుందని తెలుసు, అయినా ఉంచింది.

ఆదివారం మధ్యాహ్నం మాస్టారు ఫోను చేశాడు. "అక్కా, ఒక నర్సమ్మ చేరతానంటోంది. చెయ్యి తిరిగిన మనిషి. మన పేర్ల పట్టీ గుమ్మం బయట అందరికీ కనిపిస్తుంది కదా, అది చూసి అడిగింది, మూడేళ్ళు రానివాళ్ళకి చోటుంది గానీ నాకు లేదా అని. నేనేం చెప్పను?"

"రేపట్నుంచి మీరే కదా మాస్టారూ. రేపు మీ ఇష్టం."

"రేపు నేను తీస్తే, వచ్చీ రాగానే అక్క చెల్లెల్ని తీసేశాడు అంటారు. నాకెందుకు ఆ పాపం? ఇవాళ మీ చేత్తోనే తీసెయ్యండి. ఎదుటివాళ్ళు గట్టివాళ్ళు, యాభయ్యో మనిషి లేకపోతే ఓడిపోతాం. ఆఖరి యుద్ధం ఓడి దిగుతారా?"

వాదించే ఓపిక లేదు సూదక్కకి. నిజంగా లేదు. పక్కన ఇస్త్రీ చెయ్యాల్సిన తెల్లకోట్లు కుప్పగా ఉన్నాయి, బొటనవేలు సలుపుతోంది. రాని మనిషి కోసం గుమ్మంలో ఎన్నాళ్ళని దీపం పెట్టుకుని కూర్చోవడం? సాయంత్రం దాకా నానబెట్టి, ఆరూ ఇరవైకి ఆ పేరు మీద వేలు పెట్టింది. "తోకను తొలగించమంటారా?" అని అడిగింది ఆట. అవును అని నొక్కింది. పేరు పోయింది. మరుక్షణం ఆ చోట్లో నర్సమ్మ పేరు వచ్చి కూర్చుంది. సూదక్క వంటింట్లోకెళ్ళి ఒక గ్లాసుడు నీళ్ళు గటగటా తాగి, కళ్ళు తుడుచుకుని, మొగుడు చూడకముందే వచ్చి కూర్చుంది.

ఆరున్నరకి యుద్ధం మొదలైంది. నర్సమ్మ మాస్టారు చెప్పినంత పనీ చేసింది, మొదటి పది నిమిషాల్లోనే రెండు బురుజులు కూల్చింది. గ్రూపంతా ఈలలు, చప్పట్లు. "అక్కా, గెలిపించి పంపుతాం నిన్ను!" అని లారీ బాబాయి అరుపు. సూదక్క వేలు దాని పని అది చేసుకుపోతోంది. మనసు మాత్రం అక్కడ లేదు.

ఆరూ యాభైకి తెర మీద అడ్డంగా ఒక పేరు పడింది. చెల్లి.

మూడేళ్ళలో ఈ ఫోను మీద ఆ పేరు పడడం ఇదే మొదటిసారి. బొటనవేలు అలవాటు కొద్దీ ఎర్ర గుర్తు మీదికి పోయింది. ఆ రోజూ ఇలాగే పోయింది. ఎందుకు చేస్తోందో ఆ రోజూ తెలియదు, ఇవాళా తెలియదు. ఎందుకో తెలిశాక ఎత్తడం ఎవరైనా చేస్తారు.

ఎత్తింది. తెరమీద కోట ఆరిపోయింది.

"అమ్మ బాగానే ఉందా?" అంది సూదక్క.

"అమ్మకేం, శుభ్రంగా టీవీ చూస్తోంది." అంది చెల్లెలు పొడిగా. "నన్ను తీసేశావటగా."

"నీకెవరు చెప్పారు?"

"ఎవరో చెప్పడమెందుకు? నా ఫోనుకే వచ్చింది. మిమ్మల్ని కోట నుంచి తొలగించారు అని, ఇంతేసి అక్షరాలతో! అరగంట నుంచీ చేతిలో పట్టుకుని కూర్చున్నాను, చెయ్యనా మాననా అని."

"ఆట ఇంకా ఉంచుకున్నావా?"

"లోపలికి రాలేదు. గుమ్మం బయట నిలబడి చూసి పోయేదాన్ని. నా పేరు ఉందా లేదా అని. రోజూ చూసేదాన్నక్కా. ఉంటే, సరేలే, అక్క ఎప్పుడో ఒకప్పుడు నోరు విప్పుతుందిలే అనుకునేదాన్ని. ఇవాళ అదీ తీసేశావు."

సూదక్క గోడకి ఆనుకుంది. ఎదురుగా మొగుడు గ్రీజు చేతులతో గుమ్మంలో నిలబడి ఏమైందని సైగ చేస్తున్నాడు. ఆవిడ తల అడ్డంగా ఊపింది.

"తప్పు నాదేనే," అంది. "ఆ రోజు ఫోను ఎత్తాల్సింది. మూడుసార్లూ నేనే కట్ చేశాను, చూసే కట్ చేశాను. పైగా అంతమందిలో నిన్ను అన్నాను. ఆసుపత్రిలోనే చెప్పాల్సింది ఈ మాట. సిగ్గేసింది. తరవాత సిగ్గు ముదిరిపోయింది."

అవతల అమ్మ టీవీ చప్పుడు వినిపిస్తోంది. చెల్లెలు ముక్కు ఎగబీల్చుకుంది. ఈసారి మాట కాస్త మెత్తబడింది.

"ఇవాళ ఆదివారం కదూ?"

"అవును."

"ఆట అయిపోయిందా?"

"లేదు. ఇంకా పావుగంట ఉంది."

"అయ్యో, జెండా నీ చేతిలోనే కదక్కా! మరి ఫోను ఎందుకెత్తావు?"

"నువ్వు చేశావు కదా," అంది సూదక్క.