కోడికాళ్ళ కింద

ఇనుప గడతో బొగ్గుగని పైకప్పును రెండుసార్లు కొట్టి, అతను ఎడమ అరచేతిని రాతికి ఆనించాడు. ముప్ఫై ఏళ్ళుగా అతని పని అదే. గట్టిరాయి గంటలా మోగుతుంది; ఊడబోయే రాయి ఖాళీ డబ్బాలా పలుకుతుంది. అతను సరేనన్నాకే మిగతావాళ్ళు లోపలికి వస్తారు. అందుకే గనిలో అందరికీ అతను 'చెవి మామ'.

ఆ చెవులు రెండేళ్ళుగా మొరాయిస్తున్నాయి. ఆ సంగతి భార్యకొక్కదానికే తెలుసు.

"పాలు పొంగి పొయ్యి ఆరిపోయేదాకా అరిచాను. ఇవాళైనా ఇంజనీరుకు చెప్పెయ్యి," అంది పొద్దున, పెదవులు కనబడేలా ఎదురుగా నిలబడి.

"చెబితే ఈ వయసులో చేతికి చీపురిస్తారే," అన్నాడు. చెవి పోయినా చెయ్యి ఉందిగా, రాతి వణుకును అదే పట్టేస్తుందిలే అని అతని ధీమా.

మధ్యాహ్నానికి మూడో సొరంగం చేరారు. అక్కడ పైకప్పు నుంచి మూడేసి వేళ్ళ రాతి పాదాలు కిందికి పొడుచుకొచ్చి ఉంటాయి. ఒక్కొక్కటి చేటంత. పనివాళ్ళు వాటిని కోడికాళ్ళంటారు. ఓసారి చూడ్డానికొచ్చిన శాస్త్రవేత్త, అవి డైనోసార్ల అడుగులని చెప్పింది. కోట్ల ఏళ్ళ కిందట అవి ఇక్కడి చిత్తడిలో నడిచాయట. అడుగుల గుంటల్లో ఇసుక నిండి రాయైందట, కింది చిత్తడి బొగ్గయిందట. బొగ్గు తవ్వేశాక అడుగులు నెత్తిమీద మిగిలాయి. "కోడే ఇంతుంటే గుడ్డెంతుండేదో!" అని అతనంటే ఆమె పగలబడి నవ్వింది. అవి చెప్పాపెట్టకుండా ఊడిపడతాయని కూడా పోతూ పోతూ హెచ్చరించింది.

అతను కొట్టాడు. అరచేతికి ఏ తేడా తెలియలేదు. సరేనని చెప్పబోతుంటే, ఊతదుంగలు నిలబెట్టే బక్కోడు భుజం పట్టుకున్నాడు.

"మామా, బోలుగా పలికింది."

అతను మళ్ళీ కొట్టాడు. బక్కోడి ముఖంలోకి చూశాడు. వెనక పన్నెండుమంది పారలతో ఎదురుచూస్తున్నారు.

"నాకు వినబళ్ళేదురా," అన్నాడు. "ఇవాళే కాదు, రెండేళ్ళయింది. అందర్నీ వెనక్కి తీసుకుపో."

బక్కోడు నోరెళ్ళబెట్టాడు. "మరి నువ్వు?"

"సుద్దతో అడ్డగీత గీసి వస్తా. వచ్చే షిఫ్టోళ్ళకు తెలియొద్దూ?"

రాయి చిటపటలాడటం మలుపు దాకా వెళ్ళిన వాళ్ళందరికీ వినబడింది. "మామా!" అని అందరూ గొంతు చించుకుని అరిచారు. అతను వెనక్కి తిరగలేదు.

సాయంత్రం గని గేటు దగ్గర భార్య ఏడవలేదు. "చెప్పాడా?" అని ఒక్కటే అడిగింది. బక్కోడు తలూపాడు.

లోపల, ఊడిపడ్డ కోడికాలి కింద నుంచి అతన్ని బయటికి లాగిన చోట, నల్లటి బురదలో ఎడమకాలి బూటొకటి, తాడు ముడి విప్పకుండానే, నిటారుగా దిగబడి ఉంది.