పది గజాల గొలుసు

నేను ఒక గొలుసుని. నా గొడవంతా గ్లెన్ హాప్‌వుడ్ అనే మనిషి ఎడమ కాలితో. ఆ కాలు ఒక్క బెత్తెడు వెనక్కి పడింది. దాంతో ఒక మనిషి బతుకు పోయింది, చెడ్డపేరు నాకొచ్చింది. "గొలుసు చాలలేదు" అన్నారు అందరూ. ఇప్పటికీ అదే మాట. గొలుసు చాలకపోవడమేమిటండీ? నేను పుట్టిందే పది గజాలు. బడికి పోలేదు, చదువు రాలేదు. నాకొచ్చిన లెక్క ఆ ఒక్కటే. దాన్ని ఏనాడూ తప్పలేదు.

పొలం గట్ల మీద సర్వేవాళ్ళు లాగే గొలుసు మీరు చూసే ఉంటారు. నాదీ ఆ జాతే. కాకపోతే నేను కొలిచింది ఎవరూ దున్నని నేల. అమెరికాలో ఫుట్‌బాల్ అని ఒక ఆట ఉంది. పేరుకే ఫుట్‌బాల్. కాలితో తన్నేది తక్కువ, బంతి చంకలో పెట్టుకుని పరిగెత్తేదీ అడ్డమొచ్చినవాణ్ణి గుద్దేదీ ఎక్కువ. నాలుగు ప్రయత్నాల్లో బంతిని పది గజాలు ముందుకి తీసుకుపోవాలి. పోతే ఇంకో నాలుగు ప్రయత్నాలు ఇస్తారు. పోకపోతే బంతి అవతలివాళ్ళది. ఆ పది గజాలు నేనే. అటో కర్ర, ఇటో కర్ర, మధ్యలో నేను. అనుమానం వచ్చినప్పుడల్లా నన్ను మైదానంలోకి మోసుకొచ్చి బిగలాగి చూస్తారు.

ఇందులో తమాషా ఏమిటో చెప్తాను. బంతి ఎక్కడ ఆగిందో తేల్చేది మనిషి కన్ను. పదిమంది ఒకళ్ళ మీద ఒకళ్ళు పడతారు, కింద ఎక్కడో బంతి. మైదానం అంచు గీత పక్కన నిలబడ్డ అంపైరు పరిగెత్తుకొచ్చి, "ఇక్కడ" అని కాలు పెడతాడు. ఉత్త అందాజు. ఆ అందాజు మీద బంతి పెట్టి, ఆ తర్వాత నన్ను తెచ్చి అంగుళాల్లో కొలుస్తారు. అరవై వేలమంది ఊపిరి బిగబట్టి చూస్తారు. మనుషుల తెలివికి మొక్కాలి.

ఒహాయోలో ఒక రేకుల షెడ్డులో నన్ను తయారుచేశారు. నాతో ఒకే చుట్టలోంచి తెగిన ముక్కల్లో కొన్ని గేట్లకి పోయాయి, ఒకటి కుక్క మెడకి పోయింది. నాకు స్టేడియం దక్కింది. అదృష్టం అనుకున్నాను. వెల్డింగ్ చేసినవాడు ఆ రోజు ఏ ధ్యాసలో ఉన్నాడో, ముందు కర్ర పక్కన మూడో లింకు మీద చిన్న బుడిపె మిగిల్చాడు. అరగదీయలేదు. ఆ కర్ర పట్టుకునేవాడు లెస్టర్. వారమంతా స్కూలు బస్సు నడిపేవాడు, ఆట ఉన్న రోజున కూలికి వచ్చేవాడు.

కార్నెల్ ప్రూయిట్ మా జట్టులో వైడ్ రిసీవర్. అంటే అందరికీ దూరంగా, ఈ చివర గీత పక్కన నిలబడేవాడు. ఆట మొదలవగానే ఒంటరిగా పరిగెత్తాలి, దూరం నుంచి విసిరిన బంతిని గాల్లో అందుకోవాలి. అందుకున్న క్షణంలో వెనకనుంచి ఎవడో ఒకడు వచ్చి గుద్దుతాడని తెలుసు. తెలిసే చేతులు పైకెత్తాలి. అదీ వాడి ఉద్యోగం.

వాడు నిలబడే చోటు మాకు రెండు బారల దూరం. మొదటి ఆట రోజున దగ్గరికొచ్చి, ఆ బుడిపె మీద బొటనవేలితో రుద్ది, "పెద్దాయనా, ఇవాళ కాస్త పొట్టిగా ఉండు" అన్నాడు.

"లంచం తినే రకం కాదబ్బాయ్ అది" అన్నాడు లెస్టర్.

"నువ్వు తింటావా మరి?"

"నాకెవడిస్తాడు!"

ఆనాటినుంచి ప్రతి ఆటకీ ముందు వాడు రావడం, రుద్దడం, అదే మాట అనడం. ఇరవై రెండేళ్ళవాడు. పరిగెడితే వెనక తరిమేవాళ్ళు దారి తప్పినవాళ్ళలా కనిపించేవాళ్ళు. మూడేళ్ళు ఊరంతా వాడి పేరున్న చొక్కాలే తొడుక్కుంది. నాలుగో ఏడు మోకాలు తిరిగింది. కోసి కుట్టారు. మళ్ళీ తిరిగింది, మళ్ళీ కుట్టారు. అప్పటినుంచి వాడికి దూరపు బంతులు విసరడం మానేశారు. అయిదు గజాలు, ఆరు గజాలు. చచ్చీచెడీ తెచ్చుకునే గజాలు. ఒక్కో గజానికి ఒక్కో గుద్దు.

ఎనిమిదో ఏడు ఒక గుద్దు తలకి తగిలింది. లేచి దులుపుకుని, నెమ్మదిగా నడుచుకుంటూ వెళ్ళి, అవతలి జట్టు బల్ల మీద కూర్చున్నాడు. వాళ్ళే వాడి చేతికి నీళ్ళ సీసా ఇచ్చారు. స్టేడియమంతా పగలబడి నవ్వింది. టీవీలో అదే ముక్క వారం రోజులు వేశారు. నేనూ నవ్వాను. నేను నవ్వితే గలగలమంటుంది. లెస్టర్ ఒక్కడే నవ్వలేదు.

తొమ్మిదో ఏడు కోచ్ మా పక్కనే నిలబడి వాడికి చెప్పాడు. "చూడు కార్నెల్, నీకంటే వేగంగా పరిగెత్తే కుర్రాళ్ళు ఆరుగురు గేటు బయట ఉన్నారు. కావలసినప్పుడు కావలసిన గజం తేవడానికే నిన్ను ఉంచాను. తెస్తే వచ్చే ఏడు కూడా ఉంటావు."

"తేకపోతే, కోచ్?"

"అది నన్నడక్కు."

ఆ ఏడు చివరి ఆట. చివరి నిమిషం. నాలుగో ప్రయత్నం. గెలిస్తే ముందుకి, లేదంటే ఇంటికి. బంతి కార్నెల్ వైపు వచ్చింది. గీత పక్కన ఎగిరి అందుకున్నాడు. ఇద్దరు గుద్దారు. ముగ్గురూ కలిసి, గీత పక్కనున్న అంపైరు హాప్‌వుడ్ మీదికొచ్చారు. నేను చూశాను. గొలుసుకి కళ్ళెక్కడివి అంటారేమో. కళ్ళున్నవాడు ఏం చేశాడో వినండి. మీద పడతారన్న భయంతో వెనక్కి గెంతి, మొహం పక్కకి తిప్పుకున్నాడు. మళ్ళీ చూసేసరికి కార్నెల్ నేల మీద ఉన్నాడు, బంతి కడుపుకింద ఉంది. హాప్‌వుడ్ వచ్చి ఏమాత్రం తడుముకోకుండా ఎడమ కాలు పెట్టాడు.

"గ్లెన్, బంతి ఇంకా ముందుంది" అన్నాడు లెస్టర్.

"నీ పని కర్ర పట్టుకోవడం, లెస్టర్. కర్ర పట్టుకో."

కెమెరాలకి ఇద్దరి వీపులు అడ్డం. నన్ను తెచ్చారు. బిగలాగారు. కార్నెల్ మోకాళ్ళ మీద కూర్చుని నావైపే చూస్తున్నాడు, పెదవులు కదులుతున్నాయి. ఏమంటున్నాడో చెప్పక్కర్లేదు కదా. నేను సాగలేదు, కురచవలేదు. పది గజాలంటే పది గజాలు. బంతి కొసకీ కర్రకీ మధ్య నాలుగు అంగుళాలు.

నెల తిరక్కుండా కార్నెల్‌ని తీసేశారు. ఇంకే జట్టూ పిలవలేదు. హాప్‌వుడ్‌కి మరుసటేడు పెద్ద ఫైనల్‌లో నిలబడే గౌరవం దక్కింది.

ఆ తర్వాత చాలా ఏళ్ళకి కెమెరాలే కొలవడం నేర్చుకున్నాయి. నన్ను తుక్కు డ్రమ్ములో పడేశారు. లెస్టర్ అడిగి తీసుకుని, బస్సులో వేసుకుని ఇంటికి తెచ్చాడు.

నేను లెస్టర్ దగ్గరున్నానని విని, ఒక ఆదివారం కార్నెల్ వచ్చాడు. వాడి అక్క కారులో దింపింది. ఒళ్ళు వచ్చింది, కాలు ఈడుస్తున్నాడు. "ఊరికే ఉండనివ్వడు, లెస్టర్. గొలుసు గొలుసు అంటాడు. నా పేరు మాత్రం గుర్తుండదు" అందామె. వాడికి ఒక నమ్మకం మిగిలింది. ఆ రోజు కొలత తప్పని. అందరిలాగే వాడికీ కాలు కనిపించలేదు, గొలుసే కనిపించింది. లెస్టర్ పెరట్లో నన్ను పరిచాడు. ఆ రోజు వెనక కర్రకి ఎంత దూరంలో బంతి పెట్టారో వాడికి చెక్కుచెదరకుండా గుర్తుంది. పెరట్లోనూ అంతే దూరంలో, బంతికి బదులు ఒక ఇటుక పాతారు.

"ఎంత తక్కువ?"

"నాలుగు అంగుళాలు, అబ్బాయ్."

తల ఊపేవాడు. టీ తాగి మళ్ళీ అడిగేవాడు. "ఎంత తక్కువ?" ఆ ఏడంతా ప్రతి ఆదివారం ఇదే. లెస్టర్ ఒక్కసారి కూడా విసుక్కోలేదు, కానీ కార్నెల్ వెళ్ళాక గ్యారేజీలో చాలాసేపు కూర్చుండిపోయేవాడు.

ఒక శనివారం లెస్టర్ కటింగ్ ప్లేయర్ తీశాడు. ముందు కర్ర దగ్గరి లింకులు తెంపి, మిగిలిన నన్ను కర్రకి బిగించాడు. "క్షమించు పెద్దాయనా" అన్నాడు. నాకు కోపం రాలేదు. ఇన్నాళ్ళూ కార్నెల్ అడిగిందే కదా, పొట్టిగా ఉండమని. ఒక్కసారి ఉందాం అనుకున్నాను.

మర్నాడు నన్ను ఇటుక దాకా బిగలాగారు. కర్ర సరిగ్గా ఇటుకని ముట్టుకుంది. "వచ్చేసింది, అబ్బాయ్! పది గజాలు!" అని లెస్టర్ గట్టిగా అరిచాడు.

కార్నెల్ నవ్వలేదు. మెల్లిగా వంగాడు. కర్ర పక్కనుంచి బొటనవేలితో ఒక్కో లింకూ తడుముకుంటూ వచ్చాడు. వెనక్కి వెళ్ళి మళ్ళీ తడిమాడు. బుడిపె లేదు.

"ఇది ఆ గొలుసు కాదు" అన్నాడు.

"అదేనబ్బాయ్. అదే."

"నువ్వు కూడానా, లెస్టర్?"

అక్క వచ్చి తీసుకుపోయింది. మళ్ళీ రాలేదు.

తెగిన లింకులు లెస్టర్ మేకుల డబ్బాలో ఉన్నాయి. అతికించడానికి అతనికి మనసొప్పదు, పారెయ్యడానికీ ఒప్పదు. నేను గ్యారేజీ గోడకి వేలాడుతున్నాను. ఎవరైనా వచ్చి నువ్వెంత అని అడిగితే, ఇప్పుడు నేను చెప్పాల్సింది తొమ్మిది గజాల రెండడుగుల ఎనిమిది అంగుళాలు. హాప్‌వుడ్ కాలు కింద కార్నెల్‌కి పోయిందీ, మేకుల డబ్బాలోకి నాకు పోయిందీ ఒకటే. నాలుగు అంగుళాలు.