ఇంకో రెండు చుక్కలు

శుభవార్త ఆ ఇంట్లో అడుగుపెట్టిన కాసేపటికే గుజరాత్‌లోని మగ్గాల వాడ లింబాయత్‌లో కరెంటు పోయింది.

"అత్తమ్మా, నిజమేనట!" గడప దగ్గర చెప్పులు విడుస్తూనే అరిచింది సుమన. "దవాఖానల సిస్టర్ 'బధాయి హో' అన్నది!"

వెంకటవ్వ బియ్యం చేట పక్కకు నెట్టి, బెల్లం ముక్క తెచ్చి కోడలి నోట్లో కుక్కింది. "నా బంగారుతల్లి! పోరనికి ఫోన్ కొట్టినవా?"

"కొట్టిన. సచిన్ ఊరి మిల్లుల ఆ మోతకు మీ కొడుక్కు ఏం ఇనబడుతది? 'ఏంది, గ్యాస్ అయిపోయిందా' అంటడు! అయిపోలే, ఇంట్లకు కొత్త మనిషి వస్తున్నరని చెప్తే ఉలుకూ లేదు, పలుకూ లేదు. మల్ల ఆయననే ఫోన్ చేసి, వచ్చేటప్పుడు లోచో టిఫిన్ తెస్తనన్నడు."

"అయ్యయితున్నోడు లోచో తెస్తడట, లోచో!" అని వెంకటవ్వ పకపకా నవ్వింది.

ఆ నవ్వు పూర్తి కాకముందే తలమీది ఫ్యాను ఆగింది. గోడ అవతలి మరమగ్గాలు కూడా ఆగాయి. సిరిసిల్ల నుంచి వచ్చినవాళ్ళు సాంచెలని పిలిచే ఆ మగ్గాల చప్పుడు అక్కడివాళ్ళకు గాలిలాంటిది; ఉన్నంతసేపు ఉన్నట్టే తెలియదు. ఒక్కసారిగా ఆగిపోతే మాత్రం చెవుల్లో బావి తవ్వినట్టుంటుంది.

వెంకటవ్వ ముఖంలో నవ్వు ఆరిపోయింది. ఆమె చూపు పైకప్పుకున్న ఇనుప కొక్కెం మీద నిలిచింది. "ఊకో కొడుకా, ఊకో. ఈడనే ఉన్న," అని గొణిగింది.

గదిలో వాళ్ళిద్దరే ఉన్నారు.

కాపురానికొచ్చిన కొత్తలో సుమన ఆ కొక్కేనికి రంగు కాగితాల దీపం వేలాడదీయబోతే, "దాని జోలికి పోకు" అని అత్త చెయ్యి పట్టుకుని ఆపింది. తలుపు మీద వేపకొమ్మ ఎండకముందే కొత్తది కడుతుంది. ఎందుకని సుమన ఎన్నడూ అడగలేదు. ఈ రోజు అడిగింది.

"ఎవరితోటి మాట్లాడుతున్నరు అత్తమ్మా?"

వెంకటవ్వ చేటను మళ్ళీ ఒళ్ళోకి లాక్కుంది.

"నీ పెనిమిటి పరమేశ్ కంటె ముందుగాల ఒక పోరడుండె బిడ్డా, బుజ్జిగాడు. గీ కొక్కానికే ఉయ్యాల కట్టిన. ఇంకా మెడ గూడ నిలవలే. సర్ది పట్టింది. మా అవ్వ నేర్పిన మందు చేసిన. వేపాకు పసరు తీసి, వేపనూనెల కాచి, ఉగ్గుగిన్నెతోని పోసిన. మాపటికి కక్కుడు మొదలువెట్టిండు. ఎన్క మత్తు. లేపితె లేవడు. కాళ్ళు చేతులు కొట్టుకున్నడు. గాలి సోకి పాయె. గా దినం గిట్లనే సాంచెలు ఆగినయి. వాని మూలుగు ఒక్కటే ఇనబడె. అప్పటిసంది సాంచెలు ఆగినప్పుడల్ల ఇనబడతడు."

సుమన నోట్లో బెల్లం కరగడం మానేసింది. కక్కడం, మత్తు, కాళ్ళు చేతులు కొట్టుకోవడం. ఇదే వరుసను ఆమె డిగ్రీ క్లాసులో వింది. అది గాలి లక్షణమని కాదు, విషలక్షణమని.

"ఒక్కటే ముల్లు, బిడ్డా," అంది వెంకటవ్వ కొంగుతో కళ్ళు అద్దుకుంటూ. "ఇంకో రెండు చుక్కలు పోస్తె దక్కేటోడేమో. తక్కువ పోసిన. అందుకే ఇప్పుడు ఎవరికిచ్చినా జర ఎక్కువనే పొయ్యమంట. పొద్దుగాల మంగకు గూడ గదే చెప్పిన. దాని పొల్లకు సర్ది గదా."

"మంగక్కకా? ఎప్పుడు పొయ్యమన్నరు?"

"దీపం పెట్టంగనే."

బయట ఆ వరుస గదుల చాల్ పొడవునా చీకటి ముసురుతోంది. సుమన చెప్పులైనా వేసుకోకుండా పరుగెత్తింది.

చివరి గదిలో ఉండే మంగ, పాపను ఒళ్ళో పడుకోబెట్టుకుని అలమరలో తడుముతోంది. పక్కన మూత తీసిన సీసా, ఉగ్గుగిన్నె ఉన్నాయి. గదంతా చేదు వాసన.

"పోసినవా అక్కా?"

"మెల్లగ చెల్లె! కడుపుతోని ఉన్నవట, గా ఉరుకుడేంది? యాడ పోసుడు, కొవ్వొత్తే దొరుకుతలేదు. చీకట్ల పోస్తె ముక్కులకు పోతదని ఆగిన."

సుమన సీసా లాక్కుని గోడకు ఆనుకుంది. "పొయ్యకు. పసిపిల్లలకు ఇది విషమైతది. దవాఖాన ఇంకా తెరిచే ఉన్నది, సర్దికి అక్కడ చూపియ్యి."

మంగ ముఖం మాడ్చుకుంది. "విషమా? ఒట్టిగ మీ అత్త చెప్తె నేను పొయ్యకపోదును. నువ్వు కాలేజీల సూసినవని చెప్పిందనే తీసుకున్న. 'నా కోడలు గాజు పళ్ళెంల పెట్టి సూసింది, వేప దగ్గరికి ఏ పురుగూ రాలే' అని చాల్ అంతా చెప్తుండె."

ఆ మాట సుమన గుండెలో గునపంలా దిగింది.

నిజమే, అది ఆమె మాటే. డిగ్రీలో ఆమె చేసిన చిన్న ప్రయోగం అది. సూక్ష్మజీవులను పెంచిన గాజు పళ్ళెంలో వేపాకు సారంలో తడిపిన కాగితపు బిళ్ళ పెడితే, మర్నాటికి దాని చుట్టూ చందమామకు వరదగుడి కట్టినట్టు ఖాళీ వలయం ఏర్పడింది. ఆ అందానికి మురిసిపోయి, కొత్త కాపురంలో ఆ ముచ్చట అత్తకు మళ్ళీ మళ్ళీ చెప్పింది. చిగుళ్ళు వాస్తే వేపాకు కషాయంతో పుక్కిలించడం, పిల్లల గజ్జికి ఆకులు మరిగించిన నీళ్ళతో ఒళ్ళు కడగడం, నల్లులున్న మంచాలకు పసరు పట్టించడం, బియ్యం డబ్బాలో ఎండుటాకు వేయడం, అన్నీ ఇద్దరూ కలిసి చేశారు. వాళ్ళ స్నేహం కుదిరిందే ఆ చేదు మీద. కానీ ఆ రోజు ప్రయోగశాలలో సదానందం సారు చెప్పిన మరో మాటను సుమన ఇంటికి తీసుకురాలేదు: "గాజు పళ్ళేనికి కాలేయం ఉండదమ్మా. పళ్ళెంలో మందైనది పసిబిడ్డ ఒంట్లో ప్రాణం తీయొచ్చు."

పాఠకులారా, వేపను నిందించడానికి ఈ కథ చెప్పడం లేదు. తెలియనితనం ఒక్కటే ప్రాణాలు తీయదు. సగం చెప్పిన చదువు దానికి ధైర్యం ఇస్తుంది. వెంకటవ్వ గుండెలో దుఃఖం ఉంది. ఆ దుఃఖానికి సాక్ష్యం సుమన ఇచ్చింది.

మంగ పాపను పాత చీరలో చుట్టుకుని దవాఖానకు బయలుదేరింది. సుమన సీసా పట్టుకుని వెనక్కి వచ్చేసరికి కరెంటు ఇంకా రాలేదు. వెంకటవ్వ నూనె దీపం ముట్టించి గడపలో కూర్చుంది.

"ఎందుకు గుంజుకొచ్చినవ్?"

ఏం చెప్పాలో దారిలోనే అనుకుంది సుమన. "ఇప్పుడు డాక్టర్లు చిన్నపిల్లలకు వద్దంటున్నరు అత్తమ్మా. గంతే."

"పోస్తె ఏమైతది?"

"కక్కుతరు."

"ఎన్క?"

"మత్తుగ..." సుమన మాట ఆపి సీసాను కొంగు కిందికి లాక్కుంది.

వెంకటవ్వ దీపం వైపు చూస్తూ అడిగింది. "కాళ్ళు చేతులు కొట్టుకుంటరా?"

సుమన తల ఊపింది. కాదని అనలేకపోయింది. అబద్ధం చెబితే ఆ సీసా మళ్ళీ నిండుతుంది; నిండి, ఒకనాడు తన బిడ్డ ఉగ్గుగిన్నెలోకే వస్తుంది.

ఆ నిశ్శబ్దంలో తనకూ ఏదో మూలుగు వినిపించినట్టయి సుమన ఉలిక్కిపడి పైకి చూసింది. కొక్కెం కదలడం లేదు.

"గాలి గాదన్నట్టు," అంది వెంకటవ్వ. "ఇన్నేండ్లు గాలిని తిట్టిన. వాడు ఏడ్చుడు గాదు, చెప్పుడు. నాకే సమజ్ కాలే."

"మీకు ఎవరూ చెప్పలేదు అత్తమ్మా. నాకు చెప్పినా నేను సగమే చెప్పిన. తప్పు నాది గూడ."

వెంకటవ్వ లేచి వెళ్ళి, ఇన్నేళ్ళుగా ఎవరినీ నిలబడనివ్వని ఆ కొక్కెం కింద కూర్చుంది. ఏడవలేదు. పైకి చూస్తూ ఉండిపోయింది. సుమన వెళ్ళి పక్కన కూర్చుంటే, కోడలి కడుపు మీద చెయ్యి వేసి, వెంటనే తీసేసింది.

"నీ పొద్దటి చైత్రం వేపరసం గూడ బంద్. గుజరాతోళ్ళు తాగుతరని నేనే తాగిపిస్తుంటి."

"బంద్ అత్తమ్మా. కడుపుతోని ఉన్నోళ్ళు తాగొద్దు. రేపు డాక్టరమ్మకు గూడ ఆ సంగతి చెప్త. మీ చెయ్యి మాత్రం తియ్యకుండ్రి."

ఆ చెయ్యి మెల్లగా తిరిగి వచ్చింది. అప్పుడే ఫ్యాను కదిలింది. గోడ అవతల సాంచెలు ఒక్కొక్కటే అందుకున్నాయి. ఎప్పుడూ ఆ చప్పుడు వినగానే తేలికపడే వెంకటవ్వ ముఖం ఈసారి తేలికపడలేదు.

"నా సీసాలు ఎవరెవరి ఇండ్లల్ల ఉన్నయో నాకెరుక," అంది. "రేపు సాంచెలకు సెలవు. అందరు ఇంటిపట్టున ఉంటరు."

సుమనకు తెలుసు, సెలవు రోజున అత్త తెల్లవారకముందే గుడికి వెళ్ళిపోతుంది, చాల్‌లో ఆ నిశ్శబ్దాన్ని భరించలేక.

"రేపు గుడికి పోరా?"

"పోను. పొద్దుగాలనే ఇద్దరం ఇల్లిల్లు తిరుగుదాం. పుండు కడుగ వేపాకు నీళ్ళు మంచిదే, నల్లులకు పసరు మంచిదే, ఆ సంగతి నువ్వు చెప్పు. ఎవరికి, ఎంత అని తెల్వకుండ పోస్తె మందే పానం తీస్తదని నేను చెప్త. బుజ్జిగాని పేరు పెట్టి చెప్త. సప్పుడుండదు గదా, రోజంత ఇనబడతడు. ఇనబడనీ. ఇనుకుంటనే తిరుగుత."